సల్ల చేతులు

పన్నెండో దినం.
ఎడమ రొమ్ముల రాయి పడ్డది.
రాయంటే రాయే, గోలీకాయంత,
నొక్కితే చంక దాక జివ్వుమంటది.
పాప నోరు పెట్టి, గుంజి, రాక,
మొకమంత ఎర్రగ చేసుకొని నన్ను తిడతది.
దానికింకా పేరు పెట్టలే,
తిట్లయితే వచ్చినయి.

అమ్మ ఎనుమాముల యార్డుకు పోయింది.
మిర్చి సీజను.
తొడిమలు తీస్తే బస్తాకింత అని కూలి.
సీకేఎంల నా కాన్పయినంక నాలుగు దినాలు ఆగి
ఐదో దినం కొంగు ముక్కుకు చుట్టుకొని బయలెల్లింది.
"నేను పోకుంటే నీకు కోడిగుడ్డు
యాడికెళ్లి వస్తది బిడ్డా."

పొద్దుగూకినంక వస్తది.
ఆమె ఇంకా దేశాయిపేట మలుపుల ఉండంగనే
ఇంట్ల నాకు తుమ్ము లేస్తది.
వాకిట్లనే నిలవడి
రెండు చేతులు గాలిలకు ఎత్తి పట్టుకుంటది,
పోలీసోళ్లు ఆపినట్టు.
పాప ఏడ్చినా గడప దాటది.
ఆ వేళ్లు ఒక్కపారి తగిలితే
ఈ లేత తోలు ఏమైతదో ఆమెకెరుకే.
నేను పసిదాన్నున్నప్పుడు గూడ ఇదే పని.
ఓ రాత్రి అలిసి, మరిచి, చన్నిచ్చిందట.
తెల్లారేదాక నేను మొత్తుకున్ననట.
ఇరవై ఆరేండ్లయింది.
ఆ ముచ్చట చెప్పేటప్పుడు ఇప్పటికీ
చేతులు ఎనుకకు దాచుకుంటది.

సబ్బు. శనగపిండి. మళ్ల సబ్బు.
ఆఖరికి గిన్నెడు సల్ల.
ఆ మంట నీళ్లు పోస్తే రేగుతది,
సల్లకు జర లొంగుతది.

ఇయ్యాల వాకిట్లకెళ్లే నా మొకం చూసి అడిగింది:
"తిన్నవానే?"

పాప తాగిందా అని అందరడుగుతరు.
పక్కింటి కేదారమ్మ, ఫోన్ల అత్తమ్మ,
బరువు తూచిన నర్సు,
ఆఖరికి ప్యాకెట్లేసే పాలాయన గూడ.
తిన్ననా?
యాదికి లేదు.
పొద్దున చాయల ముంచిన బన్ను సగం
కిటికీల ఉన్నది,
చీమలు దానికి పురుడు పోస్తున్నయి.
నీళ్లు తాగకు పొట్ట పెరుగుతదని ఒకామె,
గంటకో చెంబు తాగుమని ఆశా స్వరూపక్క,
పెరుగు సలువ, వంకాయ దురద, పప్పు వాయువు.
విని విని నేను ఏదీ ముట్టక కూసున్న.

"అమ్మా, రాయి పడ్డదే" అన్న.
గంతే. ఏడుపొచ్చింది,
పాప కన్న పెద్దగ.

అప్పుడు గడప దాటింది.
ఉడుకునీళ్ల బట్ట నాతోనే పిండిపిచ్చి, నాతోనే పెట్టిపిచ్చి,
తన చీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య ఒత్తుకొని కూసోని
మోచేత్తో
చంకకెళ్లి మొన దిక్కు
మెల్లగ, శానా మెల్లగ దువ్వింది.
మోచేతికి కండ్లుంటయని నాకెవ్వరూ చెప్పలే.
"జరం కొడితే దాయకు,
పొద్దుగాలనే దవాఖానకు పోదాం" అన్నది.
"పాపను ఈ దిక్కే పట్టు.
ఏడ్వనీ, అదే గుంజుతది."

ఎంత సేపో తెల్వది.
ఒక్క తీపు లేసి
పాలు చేపినయి.
పాప చెంప మీద, నా ఒడిల,
అమ్మ మోచేతి ముడతలల్ల.
రాయి అంతా పోలే,
గోలీకాయ శనగ్గింజయింది.

పాప గుటకలేస్తాంటె
అమ్మ గంటెతో నా నోట్లె అన్నం పెట్టింది.
చేత్తో కలిపి పెట్టుడు ఆమెకిష్టం,
సీజను అయిపోయేదాక గంటెనే.
సొరకాయ, ఎల్లిగడ్డ, ఇంత నెయ్యి.
"కారమే లేదేందే?"
"పొద్దంత నేను తిన్న, ఇద్దరికి సరిపోతది."
నవ్వితే కుట్లు గుంజినయి.
అయినా నవ్విన.

రాత్రి అమ్మ గోడకొరిగి కూసుండే నిద్రపోయింది,
రెండు చేతులు సల్ల గిన్నెల.
నేను లేసి చెంబెడు నీళ్లు తాగిన,
ఆపకుండ, మెడ మీద కారంగ.
ఇంకో చెంబు ముంచుకున్న.
బయట బస్తాల లారీ ఒకటి
కాశిబుగ్గ దిక్కు పోయింది.
ముగ్గురం తుమ్మినం,
చిన్నది అందరి కన్న ఆలస్యంగ,
అందరి కన్న గట్టిగ.